ట్రైనీ ఫ్యామిలీ డాక్టర్‌ని వాళ్లు చూసిన కేసులతోనే అంచనా వేయడం ఎలా?

మీ దగ్గర ఒక ట్రైనీ ఫ్యామిలీ డాక్టర్ కొన్ని నెలలుగా ఓపీ చూస్తున్నారనుకుందాం. టైమ్‌కి వస్తారు, నర్సులతో మర్యాదగా ఉంటారు, పేషెంట్లు బాగానే చెప్పుకుంటున్నారు, మీటింగుల్లో ఏది అడిగినా టకటకా సమాధానం చెప్పేస్తారు. ఇప్పుడు మీ ముందుకో ఫారం వచ్చింది, ఈ డాక్టర్‌ని ఒంటరిగా వదిలేయొచ్చా అని అడుగుతోంది. నిజం చెప్పాలంటే ఇలాంటప్పుడు చాలామంది సీనియర్లు చేసేది ఒకటే, మనసులో అప్పటికే ఉన్న ఇంప్రెషన్‌ని మార్కుల్లోకి మార్చి సంతకం పెట్టేస్తారు. తలుపు వేసుకున్నాక ఆ గదిలో పేషెంట్‌కి ఏం జరిగిందో మాత్రం ఎవరూ చూడలేదు.

జార్జ్ మిల్లర్ అనే వైద్య విద్యావేత్త 1990లో డాక్టర్ల సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: విషయం తెలియడం, దాన్ని ఎలా వాడాలో తెలియడం, ఎవరైనా చూస్తుంటే చేసి చూపించగలగడం, రోజువారీ పనిలో నిజంగా చేయడం. రాతపరీక్షలు, వైవాలు, నటులను పేషెంట్లుగా కూర్చోబెట్టి పెట్టే పరీక్షలు మూడో మెట్టు దగ్గరే ఆగిపోతాయి. మూడు బాగుంటే నాలుగోది కూడా బాగుంటుందిలే అనుకోవడానికి లేదు. నెదర్లాండ్స్‌లో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి పేషెంట్ల వేషంలో మనుషులను పంపి, తర్వాత అదే డాక్టర్లను పరీక్ష వాతావరణంలో చూసి పోల్చారు. 1991లో వచ్చిన ఆ ఫలితాల్లో తేలింది ఏమిటంటే, పరీక్షలో ఎలా చేశారన్నదాన్ని బట్టి ఓపీలో ఎలా చేస్తారో చెప్పలేం.

పోనీ ట్రైనీనే అడుగుదామా? 2006లో ఒక పరిశోధక బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి, డాక్టర్లు తమ గురించి తాము వేసుకున్న అంచనాను బయటివాళ్లు వేసిన అంచనాతో పోల్చి చూసింది. 20 పోలికల్లో 13 చోట్ల రెంటికీ పొంతన చాలా తక్కువ, లేదా అసలు లేదు, లేదా ఒకదానికొకటి ఎదురు. కొన్ని అధ్యయనాల్లో అందరికన్నా దారుణంగా తప్పినవాళ్లు ఎవరంటే నైపుణ్యం బాగా తక్కువగా ఉన్నవాళ్లు, తమ మీద తమకు నమ్మకం బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు. వాళ్ల గురించే కదా మనకు అసలు బెంగ.

కాబట్టి వాళ్లు నిజంగా చూసిన పేషెంట్లు, నిజంగా రాసిన కేస్ షీట్లు, వేరే డాక్టర్ల దగ్గరికి నిజంగా పంపిన రిఫరల్స్, ఇవే మన పరీక్ష పేపర్. ఈ పద్ధతి మొత్తం రెండు విషయాల మీద నిలబడుతుంది: కేసు ఎంచుకునేది మీరు, ప్రశ్న "ఏం చేశావు" దగ్గర ఆగకుండా "ఎందుకు చేశావు" దాకా వెళ్లాలి. ఈ రెండూ వదిలేస్తే మిగిలేది కాగితాల తనిఖీ మాత్రమే.

ముందు ఇది దేనికో చెప్పేయండి

ట్రైనీ కూర్చోకముందే ఒక మాట తేల్చాలి. ఈ రోజు చేసేది నేర్చుకోవడానికా, రికార్డులోకి ఎక్కే అంచనాకా? రెండూ ఒకే కూర్చోవడంలో కలిపేస్తే ఏమవుతుందో తెలుసు కదా, తెలియనిది తెలియదని చెప్పడం మానేస్తారు. మార్కులు పడతాయంటే ఎవరూ "ఆ రోజు నాకు అర్థం కాలేదు మేడమ్, అందుకే యాంటీబయాటిక్ రాసేశాను" అనరు. ఆ మాట బయటికి రాకపోతే మీకు నేర్పడానికీ ఏమీ లేదు, అంచనా వేయడానికీ ఏమీ లేదు.

నా సలహా ఏమిటంటే ఎక్కువ భాగం నేర్చుకోవడానికే ఉంచండి, రికార్డుకెక్కేవి ఏవో ముందే తేదీలతో సహా చెప్పండి. అలాగని నేర్చుకునే సెషన్లలో బయటపడిన ప్రమాదకరమైన విషయాన్ని దాచిపెడతామని మాట ఇవ్వకూడదు. పేషెంట్‌కి హాని జరిగేలా ఉంటే దాని మీద కదలక తప్పదని మొదటి రోజే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

కేసు మీరే తీయండి

"నీకు ఆసక్తిగా అనిపించిన కేసు ఒకటి తెచ్చుకో" అంటే ఏం వస్తుందో ఊహించడం కష్టం కాదు. అరుదైన జబ్బు, పుస్తకంలో ఉన్నట్టే లక్షణాలు, చక్కగా రాసిన షీట్, చివర్లో పేషెంట్ కృతజ్ఞతలు. లేదంటే అప్పటికే మీతో చర్చించిన కేసు. ట్రైనీ కావాలని మోసం చేస్తున్నారని కాదు, మనిషికి గుర్తుండేవి అవే. మనకు కావలసింది వాళ్లకు గుర్తు కూడా లేని మామూలు మంగళవారం మధ్యాహ్నం.

పోయిన 7 నుంచి 10 రోజుల్లో ఒక రోజు తీసుకోండి. ఆ రోజు ట్రైనీ చూసినవాళ్ల లిస్టు తెరిచి, ప్రతి ఐదో పేషెంట్‌ని తీయండి, లేదా కళ్లు మూసుకుని వేలు పెట్టండి, ఎలాగైనా పర్వాలేదు కానీ పేరు, జబ్బు చూసి ఎంచుకోవద్దు. మరీ పాతవి తీస్తే ట్రైనీకి గుర్తుండదు, గుర్తులేని చోట మనసు ఒక కథ అల్లేస్తుంది, దాన్ని మీరు జ్ఞాపకం అనుకుంటారు. ఆస్ట్రేలియాలో ఫ్యామిలీ డాక్టర్ల శిక్షణలో ఇలా గుడ్డిగా కేసు తీసి చర్చించడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి.

అయితే పూర్తిగా గుడ్డిగా తీస్తే జలుబు, బీపీ మాత్రలు, మళ్లీ జలుబు, ఇవే పదే పదే వస్తాయి. అందుకని రెండు సెషన్లకోసారి కావాలనే ఒక మూల నుంచి తీయండి. ఆ మూలలు ఇవి: మందే రాయకుండా పంపిన పేషెంట్, యాంటీబయాటిక్ రాసిన పేషెంట్, రిఫరల్ ఉత్తరం, ల్యాబ్ రిపోర్ట్ "నార్మల్" అని టిక్ పెట్టి మూసేసినది, ఫోన్‌లో మాట్లాడి తేల్చినది, వారం తిరక్కుండా అదే సమస్యతో వెనక్కి వచ్చిన మనిషి. ఈ చివరిదాంట్లో చాలా విషయం ఉంటుంది. ఇంకొకటి, కొంతమంది ట్రైనీల లిస్టులో మానసిక సమస్యలు కనబడవు, కొంతమంది లిస్టులో చిన్నపిల్లలు కనబడరు. అలాంటివాళ్లు రాకపోవడమా, వచ్చినా పక్క గదికి పంపేస్తున్నారా అన్నది రిసెప్షన్‌లో అడిగితే తెలుస్తుంది.

ఒక్కరే కూర్చుని ముందే చదవండి

పది నిమిషాలు చాలు. ఆ షీట్ మాత్రమే కాదు, అదే పేషెంట్ అంతకుముందు వచ్చిన రెండు మూడు సార్లు ఏం రాసి ఉందో, మందుల లిస్టులో ఏముందో, పెండింగ్ టెస్టులు ఏమైనా ఉన్నాయో చూడండి. తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: నేను సెలవులో ఉండి, ట్రైనీ కూడా లేకపోతే, ఈ షీట్ చదివిన మూడో డాక్టర్ ఈ పేషెంట్‌ని సురక్షితంగా చూడగలరా? షీట్ నాణ్యతకు ఇంతకు మించిన కొలత నాకు తెలియదు.

ఒక జాగ్రత్త. రాత బాగున్నంత మాత్రాన వైద్యం బాగున్నట్టు కాదు, రాత అధ్వాన్నంగా ఉన్నంత మాత్రాన వైద్యం చెడ్డదీ కాదు. కంప్యూటర్ వచ్చాక మొదటి రకం ఎక్కువైంది. ఒక్క బటన్ నొక్కితే "ఊపిరితిత్తులు క్లియర్, గుండె చప్పుళ్లు మామూలు, పొట్ట మెత్తగా ఉంది" అని పూర్తి పరీక్ష దిగిపోతుంది. వరసగా ఓ ఎనిమిది, పది షీట్లు తెరిచి చూడండి. బొటనవేలి గోరు పుచ్చినవాళ్లకి కూడా ఊపిరితిత్తులు క్లియర్ అని ఉంటే ఎక్కడా స్టెతస్కోప్ పెట్టలేదనే లెక్క, దాని గురించి నిదానంగా, కానీ నేరుగా అడగాలి.

ఇప్పుడు కూర్చోండి

సెషన్‌కి ఓ గంట పెట్టుకోండి, ఆ గంటలో రెండు మూడు కేసులకు మించి పెట్టుకోవద్దు. ఫోన్ పక్కన పడేయండి. షీట్ ఇద్దరికీ కనబడేలా తెరవండి, పేషెంట్ పేరు మాత్రం మూడోవాళ్ల కంట పడకూడదు. మొదట ట్రైనీనే చదవనివ్వండి, గుర్తు తెచ్చుకోనివ్వండి.

ఒక షీట్ చూద్దాం. 34 ఏళ్ల మహిళ. "తలనొప్పి 3 రోజులుగా. వాంతులు లేవు. బీపీ 130/80. పారాసెటమాల్ 5 రోజులు. తగ్గకపోతే రావాలి." అంతే ఉంది. సంభాషణ ఇలా నడవొచ్చు:

"ఆవిడ గదిలోకి వచ్చి కూర్చోగానే నీకు ఏమనిపించింది?"

"టెన్షన్ తలనొప్పి అనుకున్నాను మేడమ్."

"ఏం చూసి?"

"తల చుట్టూ పట్టేసినట్టుంది అంది. పని ఒత్తిడి ఎక్కువగా ఉందంది, నిద్ర లేదంది."

"అదేదీ షీట్‌లో లేదు."

"రాయలేదు మేడమ్."

"సరే. ఇంకేం కాదని అనుకున్నావు?"

ఇక్కడ ట్రైనీ ఆగుతారు. ఆగనివ్వండి. మీరు వెంటనే అందుకుని "మెనింజైటిస్, మెదడులో రక్తస్రావం..." అని లిస్టు చదివేస్తే అక్కడితో ఆ కేసు అయిపోయింది, ఇక మీకు తెలిసేది ఏమీ లేదు. కాసేపటికి జవాబు వస్తుంది: "జ్వరం, మెడ పట్టేయడం అడిగాను. ఒక్కసారిగా మొదలైందా అని అడిగాను. చూపు గురించి అడగలేదు. కంటి లోపల చూడలేదు."

ఈ నాలుగు వాక్యాల్లో మీకు మూడు వేరువేరు సంగతులు దొరికాయి. అడిగారు కానీ రాయలేదు. తెలుసు కానీ అడగలేదు. మూడోది కంటి లోపల చూడటం, అదింకా తేలలేదు. చూడటం రాకా, ఆఫ్తాల్మోస్కోప్ చార్జింగ్ లేకా, బయట పన్నెండుమంది వెయిటింగ్‌లో ఉన్నారనా? అడిగితే తప్ప తెలియదు. మూడింటికీ మందు ఒకటి కాదు. రాయనివాళ్లకి రాయడం అలవాటు చేయాలి, రానివాళ్లకి నేర్పాలి, టైమ్ చాలనివాళ్లకి ఓపీ లిస్టు సర్దాలి. "ఇంకా బాగా చదవాలి" అని ముగ్గురికీ ఒకే మాట రాసి పంపడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు.

"తగ్గకపోతే రావాలి" మీద కూడా ఆగండి. ఎన్ని రోజుల్లో తగ్గకపోతే? ఏం కనబడితే ఆగకుండా రావాలి? రాత్రిపూట అయితే ఎక్కడికి వెళ్లాలి? ఇవి ఆవిడకి చెప్పారా, చెప్పాక ఆవిడకి అర్థమైందో లేదో ఎలా తెలుసుకున్నారు? ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి జబ్బు మొదటి రోజే వస్తుంది, లక్షణాలు ఇంకా పూర్తిగా విప్పుకోకముందే. అప్పుడే పేరు పెట్టేయడం అన్నిసార్లూ కుదరదు, కాబట్టి వెనక్కి రప్పించే మాట స్పష్టంగా ఉండటం వైద్యంలో సగం. ట్రైనీల షీట్లలో అన్నిటికన్నా పలుచగా ఉండేదీ ఇదే.

పేషెంట్‌ని మార్చి అడగండి

నాకు ఈ మొత్తం పద్ధతిలో ఇష్టమైన భాగం ఇది. జరిగిన కేసు ఒక్కటే, దాని మీద ట్రైనీ బాగానే చేసి ఉండొచ్చు, అదృష్టం కూడా కలిసొచ్చి ఉండొచ్చు. దాన్నే కొంచెం మార్చి అడిగితే ఆలోచన ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. అదే తలనొప్పి, అదే 3 రోజులు.

ఆవిడ వయసు 34 కాదు, 67 అయితే? ఇక్కడ కణతల దగ్గరి రక్తనాళం వాపు గుర్తుకు రావాలి. దువ్వుకుంటే తల మీద నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపులో తేడా అడగాలి, ఒంట్లో వాపును చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ పంపాలి, అనుమానం గట్టిగా ఉంటే స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి రిపోర్టుల కోసం కూర్చోకూడదు, ఎందుకంటే కన్ను పోతే తిరిగిరాదు.

ఆవిడ 30 వారాల గర్భిణి అయితే? బీపీ 150/95 ఉంటే? యూరిన్‌లో ప్రోటీన్ చూడకుండా, ఆ రోజే ఆసుపత్రికి పంపకుండా పారాసెటమాల్ ఇచ్చి ఇంటికి పంపడం కుదరదు.

రక్తం పలుచబడే మందు వాడుతూ పోయిన వారం బాత్రూమ్‌లో జారిపడితే? ఇంట్లో నలుగురికీ తలనొప్పి ఉండి, బయటికొస్తే తగ్గుతోందంటే? ఈ రెండోది వింటే చాలామంది వైరల్ జ్వరం అంటారు, మూసిన గదిలో పొయ్యి లేదా హీటర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తట్టేది కొద్దిమందికే. తట్టకపోతే కొంప మునిగిందని కాదు, తట్టనిది ఏమిటో మీకు తెలిసింది, రాసిపెట్టుకోండి.

జబ్బు మాత్రమే మార్చనక్కర్లేదు. "ఆవిడ స్కాన్ తీయమని పట్టుబడితే ఏమంటావు?", "ఆవిడ భర్త ముందు మాట్లాడటానికి ఇబ్బంది పడుతుంటే?", "ఈ రోజు నీకిది చివరి పేషెంట్, బాగా అలసిపోయి ఉంటే?", "స్కాన్ సెంటర్ రెండు గంటల దూరంలో ఉంటే?" ఇలా మనిషిని, డాక్టర్‌ని, చుట్టూ ఉన్న వ్యవస్థని ఒక్కొక్కటిగా కదిపితే పది నిమిషాల్లో మీకు తెలిసేది రాతపరీక్షలో తెలియదు. కాకపోతే ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించి పోలీస్ విచారణ చేయకండి. కేసుకి మూడు నాలుగు మార్పులు చాలు. కష్టం కొంచెం కొంచెంగా పెంచుతూ పోయి, ట్రైనీ "ఇక్కడ నేను మీకు ఫోన్ చేస్తాను" అనే చోటు చూసుకోండి. ఆ చోటు సరైనదైతే అది బలహీనత కాదు, మీకు కావలసిన జవాబు అదే.

షీట్ చూపించనివి

పేషెంట్‌తో ఎలా మాట్లాడారు, ఏడుస్తుంటే ఏం చేశారు, చేతులు ఎక్కడ పెట్టి పరీక్షించారు, ఇవి షీట్‌లో దొరకవు. వాటికోసం గదిలో ఒక మూల కూర్చోవాలి, లేదా పేషెంట్ రాతపూర్వక అనుమతితో వీడియో తీసి తర్వాత ఇద్దరూ కలిసి చూడాలి. శరీర పరీక్ష చేస్తున్నప్పుడు కెమెరా ఆపాలి, పేషెంట్ ఎప్పుడు వద్దన్నా ఆపాలి, అయిపోయాక చెరిపేయాలి. ఎవరైనా చూస్తున్నారంటే అందరూ కొంచెం మెరుగ్గానే చేస్తారు, కాబట్టి వీడియో మంచి రోజును చూపిస్తుంది, గుడ్డిగా తీసిన షీట్ మామూలు రోజును చూపిస్తుంది. రెండూ కావాలి.

అంకెలతో ఆడిట్, కానీ అంకెలకు లొంగిపోకుండా

ఒక్కో కేసు లోతు చూపిస్తుంది, అలవాటును చూపించదు. అలవాటు తెలియాలంటే ట్రైనీ తన సొంత పేషెంట్ల మీద తనే ఒక చిన్న ఆడిట్, అంటే లెక్క తీసి చూసే తనిఖీ, చేయాలి. అవెదిస్ డొనబెడియన్ 1966లో వైద్య నాణ్యతను చూడటానికి మూడు కిటికీలు చెప్పారు: ఏ వసతులున్నాయి, ఏం చేశారు, ఫలితం ఏమైంది. ట్రైనీకి మధ్య కిటికీ చాలు. వసతులు వాళ్ల చేతిలో లేవు, ఫలితాలు కొన్ని నెలల్లో తేలవు, అందులో పేషెంట్ పాత్ర కూడా ఉంటుంది.

ప్రశ్న చిన్నగా, గట్టిగా ఉండాలి. "నా షుగర్ పేషెంట్లను బాగా చూస్తున్నానా" అన్నది ప్రశ్న కాదు. "మెట్‌ఫార్మిన్ వాడుతున్న నా పేషెంట్లలో ఎంతమందికి గడిచిన ఏడాదిలో కిడ్నీ పనితీరు పరీక్ష చేయించాం?" అన్నది ప్రశ్న. దీనికి కారణం కూడా ట్రైనీ చెప్పగలగాలి: ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె) 30 కంటే పడిపోతే ఆ మందు ఆపాలి, 45 కంటే తగ్గితే డోసు మళ్లీ చూసుకోవాలి, టెస్టే చేయించకపోతే ఈ రెండూ తెలియవు. లెక్క మొదలుపెట్టకముందే ఎంత శాతం ఉంటే సరిపోతుందో రాసి పెట్టుకోవాలి. లెక్క వచ్చాక లక్ష్యం పెడితే అది లక్ష్యం కాదు, సర్దుబాటు.

ఇక 20 మందిలో 11 మందికి టెస్టు ఉందని తేలిందనుకోండి, 55 శాతం. మీరు వెంటనే కోపం తెచ్చుకునే ముందు ఒక విషయం. 20 మందిలో ఒక్క పేషెంట్ అటూ ఇటూ అయితే 5 శాతం మారిపోతుంది. ఇంత చిన్న లెక్కలో అసలు శాతం సుమారు 34 నుంచి 74 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పక్క ట్రైనీకి 65 వచ్చిందని ఇద్దరినీ పోల్చి ర్యాంకులు ఇవ్వడం అర్థం లేని పని. పైగా ఆ 9 మందిలో కొందరిని ట్రైనీ ఒక్కసారే, అదీ కాలు బెణికిందని వస్తే చూసి ఉంటారు, మిగతా ఏడాదంతా మీరే చూశారు. అది ఎవరి ఖాతాలో వేస్తారు?

అందుకని శాతానికి మార్కులు వేయకండి. మిగిలిపోయిన 9 మందికి ట్రైనీ ఏం చేశారన్నదానికి వేయండి. ఒక్కొక్క షీట్ తెరిచి కారణం చూశారా? టెస్టు రాసినా పేషెంట్ చేయించుకోలేదా, చేయించుకున్నా రిపోర్ట్ రాలేదా, అసలు ఎవరికీ గుర్తే లేదా? వాళ్లను పిలిపించారా? పని తీరులో ఏం మార్చారు? "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అనేది మార్పు కాదు. మందు మళ్లీ రాసేటప్పుడు టెస్టు తేదీ కనబడేలా షీట్‌లో ఒక గడి పెట్టించడం మార్పు. మూడు నెలల తర్వాత మళ్లీ అదే లెక్క వేయాలి. ఆ రెండో లెక్క లేని ఆడిట్లే ఎక్కువ, పోస్టర్ వేసి, ఫొటో దిగి వదిలేస్తారు, నాకైతే అలాంటిదాన్ని ఆడిట్‌గా లెక్కపెట్టడం ఇష్టం ఉండదు.

మధ్యలో ప్రమాదం కనబడితే

షీట్ చదువుతుంటే హిమోగ్లోబిన్ 7 అని, అంటే రక్తం బాగా తక్కువని, రిపోర్ట్ వచ్చి వారం అయినా ఎవరూ పేషెంట్‌ని పిలవలేదని కనబడింది. అప్పుడు అంచనా అక్కడే ఆపేయండి. ముందు పేషెంట్‌కి ఫోన్ చేయండి, వీలైతే ట్రైనీ చేతే చేయించి మీరు పక్కన ఉండండి. జరిగింది దాచకుండా పేషెంట్‌కి చెప్పాలి. పాత షీట్‌లో ఒక్క అక్షరం కూడా దిద్దనివ్వకండి. చేర్చాల్సింది ఉంటే ఈ రోజు తేదీతో, టైమ్‌తో కొత్తగా రాయించండి. ఆ తర్వాత మీ క్లినిక్‌లో ఇలాంటివి నమోదు చేసే పద్ధతి ఏది ఉంటే అందులో నమోదు చేయండి. ట్రైనీ ఆ రోజు బాగా కుంగిపోతారు, మార్కుల గురించి ఆ రోజు మాట్లాడకండి.

వెంటనే రాయండి, సంగతి రాయండి

సెషన్ అయ్యాక అక్కడే, ట్రైనీ ఎదురుగానే, నాలుగైదు వాక్యాలు రాసేయండి. సాయంత్రం రాద్దామంటే మీకు గుర్తుండేది ట్రైనీ మాట్లాడిన ధాటి మాత్రమే. చక్కగా మాట్లాడేవాళ్లకి మనకు తెలియకుండానే ఎక్కువ మార్కులు వేస్తాం, సిగ్గరులకి తక్కువ వేస్తాం. ఇంకో జబ్బు కూడా ఉంది: "నేనైతే ఇలా చేయను" అన్నదాన్ని తప్పుగా లెక్కేయడం. మీ పద్ధతి వేరు, ఆధారాలున్న పద్ధతి వేరు. రెంటికీ తేడా వచ్చినచోట గైడ్‌లైన్ తెరిచి ఇద్దరూ చూడండి, అప్పుడప్పుడు మార్చుకోవాల్సింది మీరే అవుతారు.

పనికిరాని రాత ఇలా ఉంటుంది: "నాలెడ్జ్ బాగుంది. కమ్యూనికేషన్ బాగుంది. డాక్యుమెంటేషన్ మెరుగుపడాలి."

పనికొచ్చే రాత ఇలా: "కొత్త తలనొప్పి, 34 ఏళ్ల మహిళ. ప్రమాద లక్షణాల్లో జ్వరం, మెడ, మొదలైన తీరు అడిగారు కానీ రాయలేదు. చూపు అడగలేదు, కంటి లోపల చూడలేదు, ఆఫ్తాల్మోస్కోప్ వాడటం మీద నమ్మకం లేదని చెప్పారు. వయసు, గర్భం మార్చి అడిగితే తనంతట తనే దారి మార్చుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్ తట్టలేదు. చేయాల్సింది: వచ్చే రెండు వారాల్లో 5 మందికి నాతో కలిసి కంటి పరీక్ష, ఆ తర్వాత వచ్చే తలనొప్పి షీట్లలో 3 నేను తీసి చూస్తాను."

కెనడాలో ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణలో ఇలాంటి చిన్న చీటీలు రోజువారీగా రాసి పోగేసే అలవాటు ఉంది. ఒక్కో చీటీకి పెద్ద విలువేం లేదు, వరసగా పెట్టి చదివితే మనిషి కనబడతాడు.

మార్కుల గడి తప్పనిసరిగా నింపాల్సి వస్తే పదికి ఏడు, పదికి ఎనిమిది కంటే నమ్మకం లెక్క వాడండి. నెదర్లాండ్స్‌కు చెందిన ఓలె టెన్ కాటె 2005 నుంచి చెబుతూ వచ్చిన పద్ధతి ఇది, ప్రశ్నను పనికి కడుతుంది: ఈ పనిని ఈ ట్రైనీ చూడటం వరకేనా, నేను గదిలో ఉంటే చేస్తారా, పిలిస్తే పలికే దూరంలో ఉంటే చాలా, ఒంటరిగా చేయగలరా, ఇంకొకరికి నేర్పగలరా? "తలనొప్పికి పిలిస్తే పలికే దూరం, బీపీ ఫాలో అప్‌కి ఒంటరిగా" అని రాస్తే రేపు డ్యూటీ వేసేవాళ్లకి కూడా పనికొస్తుంది. ఏడు మార్కులతో ఎవరు ఏం చేసుకుంటారు?

ఎన్ని, ఎవరు

ఒక్క కేసుతో ఎవరినీ తేల్చకండి. షుగర్ కేసులో అద్భుతంగా చేసినవాళ్లు పిల్లల జ్వరంలో తడబడతారు, ఒక సమస్యలో చూపిన నేర్పు ఇంకో సమస్యకు వెళ్తుందన్న హామీ లేదు. వేర్వేరు వయసులు, వేర్వేరు సమస్యలు, నెలల తరబడి, కనీసం ఇద్దరు ముగ్గురు సీనియర్లు చూసినవి పోగవ్వాలి. పెద్ద నిర్ణయం ఆ పోగు మీద జరగాలి, వీలైతే ట్రైనీని రోజూ చూడని మనిషి ఒకరు కూడా కూర్చోవాలి. ఆరు నెలలు కలిసి టీ తాగిన ట్రైనీని ఫెయిల్ చేయడం ఎవరికైనా కష్టమే, ఆ భారం ఒక్కరి మీదే ఉంటే అందరూ పాసైపోతారు.

ఎవరి విషయంలోనైనా అనుమానం మొదలైతే సంవత్సరం చివరిదాకా దాచుకోకండి. అదే వారం చెప్పండి, ఏ కేసులో ఏం చూసి అనుమానం వచ్చిందో షీట్ చూపించి చెప్పండి, ట్రైనీ వైపు మాట రాయండి. ఇంట్లో ఏదైనా సమస్య ఉందా, నిద్ర ఉందా, డ్యూటీలు ఎన్ని పడుతున్నాయి, ఇవి కూడా అడగాలి, ఎందుకంటే నిన్నటిదాకా బాగా చేసినవాళ్లు ఒక్కసారిగా జారితే కారణం చదువులో ఉండకపోవచ్చు. తర్వాత పర్యవేక్షణ పెంచి, గుడ్డిగా తీసే కేసుల సంఖ్య పెంచి, నాలుగు వారాల తర్వాతి తేదీ ఒకటి వేసి, ఆ రోజుకి ఏం మారి ఉండాలో ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఆ కాగితం ఒక కాపీ ట్రైనీ దగ్గర ఉండాలి.